మందు మాన్పించడానికి ఊరు చెప్పే పదకొండు తప్పుడు సలహాలు

ఇంట్లో ఒకరు తాగుడుకు బానిసయ్యారంటే ఊళ్లో తలా ఒక వైద్యం చెబుతారు. రచ్చబండ దగ్గర పెదనాన్న ఒకటి చెబుతాడు. పొదుపు సంఘం మీటింగులో పక్కింటి వదిన ఇంకొకటి చెబుతుంది. మెడికల్ షాపు కుర్రాడి దగ్గర మరొకటి సిద్ధంగా ఉంటుంది. అందరూ మంచి కోరే చెబుతారు. అయినా ఆ సలహాల్లో కొన్ని ప్రాణం తీస్తాయి, కొన్ని అప్పులపాలు చేస్తాయి, మిగిలినవి ఏళ్లకేళ్లు తినేస్తాయి.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందిందని, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారు 180 మందిలో ఒక్కరేనని అది తేల్చింది. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి ముగ్గురిలో ఇద్దరు పల్లెల్లోనే ఉన్నారు. మానసిక వైద్యులు మాత్రం ఎక్కువగా పట్నాల్లోనే ఉంటారు. డాక్టరు లేని చోట ఊరి సలహాకే విలువ. అందుకే ఆ సలహాలను ఒక్కొక్కటిగా ముందు పెట్టుకుని, దేనివల్ల ఏం జరుగుతుందో, దాని బదులు ఏం చేయాలో చూద్దాం.

చదువుతూ పోతే ఒక సంగతి మీకే కనిపిస్తుంది. ఈ సలహాలు తాగే మనిషిని తిట్టమంటాయి, కట్టేయమంటాయి, అతనికి తెలియకుండా మందు పెట్టమంటాయి. అతన్ని కూర్చోబెట్టి ఒక్క మాట అడగమని మాత్రం ఏ సలహా చెప్పదు.

1. "మగాడివైతే రేపట్నుంచి ముట్టుకోకు"

అన్నిటికంటే గౌరవంగా వినిపించే సలహా ఇదే. అన్నిటికంటే ప్రమాదకరమైనది కూడా ఇదే. అప్పుడప్పుడు తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఏమీ కాదు. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక పెగ్గు పడితే గాని వణుకు ఆగని మనిషి సంగతి వేరు. మద్యం మెదడు చురుకును అణచివేస్తుంది. రోజూ తాగితే, ఆ అణచివేతను తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. ఒక్కసారిగా మద్యం ఆగిపోతే పెరిగిన ఉద్రేకం మాత్రం మిగిలిపోతుంది, దానికి అడ్డు ఉండదు.

అందువల్ల చివరిసారి తాగిన ఆరేడు గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చెదురుతుంది. గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు. జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. ఊళ్లో దీన్ని చూసి గాలి సోకిందని భూతవైద్యుణ్ని పిలిచిన ఇళ్లు ఉన్నాయి. ఇది గాలి కాదు. డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితికి వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు.

బదులుగా: రోజూ తాగే మనిషి మానాలనుకుంటే మొదటి వారం డాక్టరు పర్యవేక్షణలోనే గడవాలి. క్లోర్‌డయజెపాక్సైడ్, లోరాజెపామ్ లాంటి మందులు ఇచ్చి, కొన్ని రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. ఇవి ఎంత వేయాలన్నది డాక్టరే తేల్చాలి, షాపులో అడిగి కొనేవి కావు. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినా, మతి చెదిరినా, కామెర్లు ఉన్నా, వయసు మీదపడినా, ఇంట్లో చూసుకునేవారు లేకపోయినా ఆసుపత్రిలో చేర్చాల్సిందే. మిగిలిన చాలామందికి ఇంటి దగ్గరే ఉంటూ డాక్టరు రమ్మన్న రోజుల్లో చూపించుకుంటే సరిపోతుంది. ఫిట్స్, లేనివి కనపడటం, నెత్తురు వాంతి, స్పృహ తప్పడం, ఈ నాలుగింటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

2. "ఆర్‌ఎంపీతో ఒక సెలైన్ ఎక్కించండి, దిగిపోతుంది"

వాంతులతో నీరసించిన మనిషికి సెలైన్ ఎక్కగానే కాస్త తేరుకున్నట్టు కనపడతాడు. దాంతో ఇంటివాళ్లకు నమ్మకం కుదురుతుంది. కానీ ఏళ్ల తరబడి అన్నం మానేసి తాగిన ఒంట్లో విటమిన్ బి1, అంటే థయమిన్, దాదాపు నిండుకుని ఉంటుంది. గ్లూకోజును వాడుకోవడానికి మెదడుకు ఆ విటమినే కావాలి. ముందుగా థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడక తూలుతుంది, కళ్లు నిలకడగా ఉండవు, మాట పొంతన తప్పుతుంది. ఇంకా మత్తు దిగలేదేమో అనుకుని ఇంటివాళ్లు ఊరుకుంటారు. ఆలోగా సమయం దాటిపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

బదులుగా: ఊరి వైద్యుణ్ని దూరం చేసుకోనక్కర్లేదు. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనే. ఆయనతో ఒకటే మాట చెప్పండి: "రోజూ తాగే మనిషి, బాటిల్ ఎక్కించే ముందు బి1 ఇంజెక్షన్ పడాలట, పీహెచ్‌సీకి తీసుకెళ్దాం, తోడు రండి." తాగుడు వల్ల పేగులు విటమిన్‌ను సరిగా పీల్చుకోలేవు. అందుకే మొదట్లో మాత్ర సరిపోదు, ఇంజెక్షనే పని చేస్తుంది.

3. "చేతికి డబ్బివ్వకండి, దొరక్కపోతే వాడే మానేస్తాడు"

దొరక్కపోతే ఏమవుతుందో 2020లో అందరం చూశాం. మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వణుకుతో, ఫిట్స్‌తో, మతి చెదిరి వచ్చినవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. శానిటైజర్ ప్రాణాంతకమని తెలిసినా ఒళ్లు అడిగినప్పుడు మనిషి ఆగలేడు. జబ్బు లక్షణం అదే.

దుకాణం మూయిస్తే చాలన్న నమ్మకం మన నేలలో మరీ బలంగా ఉంది. దానికి కారణమూ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. ఆ తల్లుల తెగువను తగ్గించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. బెల్టు షాపు మూతపడితే బడికెళ్లే పిల్లాడు తాగుడు నేర్చుకోకుండా ఉంటాడు, కూలి డబ్బులు ఇల్లు చేరతాయి. కానీ అప్పటికే బానిసైన మనిషి ఆ రాత్రి ఏం చేయాలి? అతనికి నాటుసారా అన్నా దొరుకుతుంది, లేదంటే ఫిట్స్ అయినా వస్తాయి.

బదులుగా: షాపు మూయించమని అర్జీ పెట్టే మహిళా సంఘమే, అదే కాగితం మీద రెండో కోరిక కూడా రాయాలి: మండలంలో డీ-అడిక్షన్ శిబిరం పెట్టండి అని. ఇది జరగని పని కాదు. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టి.టి. రంగనాథన్ ఫౌండేషన్, తంజావూరు ప్రాంతంలోని మంజక్కుడి అనే పల్లెలో ఏళ్ల తరబడి చికిత్స శిబిరాలు నడిపింది. జనాన్ని పట్నానికి రమ్మనకుండా డాక్టర్లు, కౌన్సెలర్లే ఊరికి వెళ్లారు. మన మండలాల్లో పంటలు చేతికొచ్చి పనులు తగ్గే నెలల్లో ఇలాంటి శిబిరం పెడితే కూలీ పోతుందన్న బెంగ కూడా ఉండదు.

4. "కల్లు మందు కాదు కదా, అది తాగమను"

సారా మానిపించి కల్లుకు మళ్లించడం మనలో చాలామంది చేసే పని. అచ్చమైన కల్లైనా పులిస్తే దానిలో సుమారు బీరంత ఆల్కహాలు ఉంటుంది కాబట్టి బానిసైన మనిషికి అదీ మద్యమే. తెలంగాణ పల్లెల్లో అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. గిరాకీకి తగినన్ని చెట్లు లేని చోట కొన్ని దుకాణాల్లో అల్ప్రాజోలం, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు అమ్ముతారు. అవి నిద్ర మాత్రల జాతి మత్తుమందులు. తాగేవాళ్లకు తెలియకుండానే ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది.

2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా తగ్గగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, మెడలు వంకర్లు తిరిగి, పొంతన లేని మాటలతో ఆసుపత్రులకు చేరారు. వాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారు. పొద్దంతా నాట్లు వేసి, కలుపు తీసి, ఒళ్లు నొప్పులకని సాయంత్రం ఒక సీసా తాగే అక్కలు, అవ్వలు తమను తాగుబోతుల లెక్కలో వేసుకోరు. ఇంటివాళ్లూ అలా అనుకోరు. అందుకే వాళ్లు డాక్టరు దగ్గరికి అందరికంటే ఆలస్యంగా వస్తారు.

బదులుగా: డాక్టరు "మందు తాగుతారా" అని అడిగితే "లేదు" అనకండి. కల్లు అలవాటుంటే ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని సీసాలో చెప్పండి. అల్ప్రాజోలం లాంటివి అలవాటైన ఒంటికి మద్యం విరమణలా వారంలో తేలదు. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాల్సి ఉంటుంది. ఆ ఒక్క మాట దాచితే మొత్తం వైద్యమే దారి తప్పుతుంది.

5. "వదినా, చారులో నాలుగు చుక్కలు కలుపు, అన్నయ్యకు తెలియనివ్వకు"

పసరు మందు, పొడి పొట్లం, మాత్ర పేరు ఏదైనా కావచ్చు. తాగే మనిషికి తెలియకుండా మాన్పించవచ్చన్న ఆశ మీదే ఈ వ్యాపారం నడుస్తుంది. పొట్లంలో ఏముందో అమ్మేవాడు చెప్పడు. అప్పటికే దెబ్బతిన్న కాలేయానికి ఆకుపసర్లూ భారమే కావచ్చు.

నిజమైన మందునే దొంగచాటుగా పెట్టినా ముప్పు తప్పదు. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషాన్ని ఒళ్లు వదిలించుకోకుండా ఇది అడ్డుకుంటుంది. ఈ మాత్ర వేసుకుని తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ పుడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉండవచ్చు. తను వేసుకున్నానని తెలిసినవాడు భయంతో తాగడు, ఆ భయమే దాని వైద్యం. తెలియనివాడు యథాప్రకారం తాగుతాడు, చారులో మాత్ర కలిపిన భార్య కళ్లముందే కుప్పకూలతాడు.

బదులుగా: మందులు ఉన్నాయి, మంచివే ఉన్నాయి. తాగాలన్న యావను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వాడతారు. కాలేయం దెబ్బతిన్నవాళ్లకు వేరేవి ఆలోచిస్తారు. ఏది ఎవరికి పనికొస్తుందో రక్తపరీక్ష చూశాక డాక్టరు చెబుతాడు. ఏ మందైనా ఆ మనిషి తన చేత్తో, తెలిసి వేసుకోవాలి.

6. "అయ్యప్ప మాల వేయించండి"

ఈ సలహాలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని గౌరవించాలి. 41 రోజుల దీక్షలో చన్నీళ్ల స్నానం, సాత్వికాహారం, తోటి స్వాముల సాంగత్యం ఉంటాయి. అందరూ "స్వామీ" అని పిలుస్తారు. చాన్నాళ్లుగా తిట్లు తప్ప వినని మనిషికి ఆ మర్యాదే పెద్ద బలం. దీక్షలో మానగలిగినవాడికి మానగలనన్న నమ్మకం వస్తుంది.

తప్పు రెండు చోట్ల జరుగుతోంది. మొదటిది మాల వేసుకున్న రోజు. నిన్న రాత్రి దాకా తాగి ఈ తెల్లవారుజామున దీక్ష తీసుకుంటే, రెండో రోజో మూడో రోజో ఫిట్స్ రావచ్చు. స్వామికి పూనకం వచ్చిందనుకుని చుట్టూ చేరి శరణుఘోష చెబుతుంటే ఆసుపత్రికి వెళ్లే సమయం దాటిపోతుంది. రెండోది మాల తీసిన రోజు. ఆ సాయంత్రం నేస్తాలు బాటిల్‌తో సిద్ధంగా ఉంటారు.

బదులుగా: దీక్షకు రెండు వారాల ముందే డాక్టరు దగ్గర విరమణ చికిత్స ముగించండి. మాత్రలు వేసుకుంటే దీక్షకు భంగమా అని గురుస్వామిని ముందే అడిగి సందేహం తీర్చుకోండి. మాల తీసే రోజుకు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. ఏసు ప్రార్థన కూటం అయినా, రంజాన్ ఉపవాసం అయినా ఇదే వరస: ముందు ఒంటికి వైద్యం, తర్వాత మనసుకు దీక్ష.

7. "పెళ్లి చేయండి, దారిలో పడతాడు" – "భరించు తల్లీ, మగాడన్నాక"

మొదటి సలహా ఇంకో ఇంటి అమ్మాయిని మందు బిళ్లలా వాడుకోమంటుంది. ఆ అమ్మాయికీ ఒక జీవితం ఉంది. మానాలనుకునేవాడు ముందు మానాలి. కనీసం ఏడాది నిలబడ్డాక పెళ్లి మాట ఎత్తడం ఇద్దరికీ న్యాయం.

రెండో సలహా ఇంకా క్రూరమైనది. తాగుడు జబ్బే. కొట్టడం జబ్బు లక్షణం కాదు. చికిత్స జరుగుతున్నా సరే, ఇంట్లో దెబ్బలు పడుతుంటే భార్యాపిల్లల భద్రత ముందు చూసుకోవాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112 ఉన్నాయి. గృహహింస నుంచి రక్షణకు 2005 చట్టం ఉంది. కొన్నాళ్లు పుట్టింటికి వెళ్లినంత మాత్రాన భర్తను వదిలేసినట్టు కాదు. చికిత్సకు ఒప్పుకుంటేనే తిరిగొస్తానన్న మాట కొన్ని ఇళ్లలో మనిషిని కదిలించే మాట అవుతుంది.

8. "నాలుగు నెలలు ఏదో సెంటర్లో పడేసి రండి"

రాత్రికి రాత్రి జీపులో నలుగురొచ్చి మనిషిని ఎత్తుకెళ్తారు. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఫీజు కోసం పొలం తాకట్టు పెడతారు. లోపల డాక్టరు ఉన్నాడా, మొదటి వారం ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, మాట వినకపోతే ఏం చేస్తారు అని అడిగేవాళ్లుండరు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో ఒక మానసిక రోగుల ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందున పాతిక మందికి పైగా తప్పించుకోలేక కాలిపోయారు. తాళం వైద్యం కాదని దేశానికి అలా తెలిసింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక రుగ్మతల కిందికే తెచ్చింది. కాబట్టి ఆ చట్టం ఇచ్చే హక్కులన్నీ ఈ రోగులకూ వర్తిస్తాయి. గొలుసులతో కట్టడం నేరం. రోగి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే అతని తరఫున కుటుంబం చేర్పించవచ్చు. అప్పుడు కూడా ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి ఒప్పుకోవాలి, మొదటి విడత 30 రోజులకు మించకూడదు.

బదులుగా: చేర్చే ముందు స్వయంగా వెళ్లి చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. మానసిక వైద్యుడు వారంలో ఏయే రోజులు వస్తాడు, రాత్రిపూట నర్సు ఉంటుందా, ఇంటికి ఫోన్ చేయనిస్తారా, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారా అని అడగండి. మిమ్మల్ని వార్డులోకి రానివ్వం అంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. ఉచితంగా నడిచే చోట్లు కూడా ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు సమగ్ర పునరావాస కేంద్రాలు నడుపుతున్నాయి. మీకు దగ్గర్లో ఏది ఉందో 14446కి ఫోన్ చేసి తెలుసుకోండి.

9. "గంజాయి సంగతి డాక్టరుకు చెబితే కేసవుతుంది"

ఈ భయంతోనే విశాఖ మన్యం నుంచి నల్లగొండ దాకా పిల్లలు చేయిదాటిపోయే వరకు తల్లిదండ్రులు నోరు విప్పరు. వైద్యం కోసం చెప్పిన సంగతిని డాక్టరు గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది. మత్తుమందుల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. వాడినందుకు గాని, చిన్న పరిమాణం దగ్గరున్నందుకు గాని కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు, ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన సంస్థలోనో స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స పూర్తి చేయకుండా మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

బదులుగా: పిల్లాడు ఒంటరిగా నవ్వుకుంటున్నా, ఎవరో తనను వెంటాడుతున్నారంటున్నా ఆ వారంలోనే మానసిక వైద్యుడికి చూపించండి. గంజాయి కొందరిలో తీవ్రమైన మతిభ్రమను రేపుతుంది. తొందరగా పట్టుకుంటే తగ్గే అవకాశం ఎక్కువ.

10. "ఇక్కడ ఏముంది, పట్నం పోవాలి, లక్షలు కావాలి"

పల్లెలో ఎక్కువమందిని ఇంట్లోనే కూర్చోబెట్టే మాట ఇది. దూరం నిజమే, ఖర్చు భయమూ నిజమే. కానీ మొదటి మెట్టు చాలామంది అనుకునే దానికంటే దగ్గరగా ఉంది.

ఫోన్‌తో మొదలుపెట్టండి. 14416 టెలీ మానస్. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడే కౌన్సెలర్లు ఉంటారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. మందు, మత్తు విషయంలో ప్రత్యేకంగా 14446 ఉంది. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పి సలహా అడగండి.

తర్వాత జిల్లా కేంద్రం. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచి ఉంది. తెలంగాణలో ఇప్పుడు జిల్లాకో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఆంధ్రలో విశాఖ, కాకినాడ, విజయవాడ, గుంటూరు, తిరుపతి, కర్నూలు పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. విశాఖలోనూ ఎర్రగడ్డలోనూ ప్రత్యేక మానసిక వైద్యశాలలే ఉన్నాయి. అక్కడికి పోతే పిచ్చోడంటారని వెనకాడకండి. మద్యం విరమణను అందరికంటే బాగా చూడగలిగేది ఆ డాక్టర్లే.

వెళ్లే ముందు ఈ ఏర్పాట్లు చేసుకోండి. ఆ విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో మీ ఆశా వర్కరుతోనో ఏఎన్‌ఎంతోనో కనుక్కోండి. పొద్దున్నే వెళ్తే ఓపీ చీటీ, పరీక్షలు, మందులు ఒకే పూటలో అయ్యే వీలుంటుంది. ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఎన్నేళ్లుగా తాగుతున్నాడు, రోజుకు ఎంత, పొద్దున్నే మొదలవుతుందా, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, కామెర్లు, బీపీ, షుగర్ ఉన్నాయా, కల్లు, నిద్ర మాత్రలు, గంజాయి అలవాటుందా. పాత చీటీలు, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. ఇంట్లోనే ముందుగా మాన్పించేసి రెండో రోజో మూడో రోజో బస్సెక్కించకండి, దారిలోనే ఫిట్స్ రావచ్చు. తోడు తప్పకుండా ఒకరు ఉండాలి.

పెద్దాసుపత్రిలో మొదటి వారం మందులు సర్దుబాటయ్యాక, ప్రతిసారీ అంత దూరం రానక్కర్లేకుండా పీహెచ్‌సీలో కొనసాగించేలా చీటీ రాసివ్వమని అడగండి. అడిగితేనే ఆ ఆలోచన వస్తుంది. దూరం, బస్సు చార్జీల భారం ఎక్కువై మధ్యలో మానేసేవాళ్లను ఈ ఒక్క చీటీ నిలబెడుతుంది.

11. "మళ్లీ తాగాడు, ఇక వాడింతే"

ఆరు నెలలు మానిన మనిషి దసరా దావత్‌లో ఒక గ్లాసు తాగితే ఊరు తీర్పు చెప్పేస్తుంది. షుగర్ ఉన్నవాడు పండక్కి బూరెలు తిని చక్కెర పెంచుకుంటే ఇన్సులిన్ ఆపేయరు, మోతాదు సరిచూస్తారు. ఇదీ అలాంటి దీర్ఘకాల జబ్బే. మళ్లీ తాగడమంటే వైద్యంలో ఏదో మార్చాలని అర్థం. ఆ మనిషి విలువ గురించి అది ఏమీ చెప్పదు.

బదులుగా: మరుసటి రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. నెల కాకముందే, వారం కాకముందే చేయండి, ఎందుకంటే ఒక గ్లాసు దగ్గర ఆపడం ఒక నెల తర్వాత ఆపడం కంటే చాలా తేలిక. మందులు చాలామందికి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా కావాలి. తాగాలనిపించే రోజులు ముందే తెలిసినవే: కూలి డబ్బులు చేతికొచ్చే శనివారం, బోనాలు, జాతర, చావింటి దినకర్మ, ఎన్నికల ముందు రాత్రులు. ఆ రోజుకు ఎవరు వెంట ఉంటారో, ఎన్నింటికి ఇంటికి రావాలో ముందురోజే మాట్లాడుకోండి. ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటాలు మన రాష్ట్రాల్లో కూడా జరుగుతాయి, ఫీజు ఉండదు. తనలాగే తాగి మానిన మనిషి పక్కన కూర్చోవడం ఇచ్చే ధైర్యం ఏ డాక్టరూ ఇవ్వలేడు. కుటుంబాలకు అలాంటిదే ఆల్-అనాన్ ఉంది.

ఇక మొదలు ఎలా పెట్టాలి?

పొద్దున్నే, మత్తు లేని వేళ, పిల్లలు, అత్తమామలు లేనప్పుడు పక్కన కూర్చోండి. తాగుడు వల్ల పోయినవన్నీ ఏకరువు పెట్టొద్దు, అవన్నీ అతనికి తెలుసు. "చేతులు వణకడం చూస్తున్నాను, భయమేస్తోంది. మానాలని నువ్వెప్పుడైనా అనుకున్నావా? అనుకున్నప్పుడు ఏమైంది?" అని అడిగి ఊరుకోండి. చాలామంది ఆ ప్రశ్నకు జవాబు చెబుతారు. రెండుసార్లు ప్రయత్నించాననో, ఒళ్లు తట్టుకోలేదనో, సిగ్గేసి ఎవరికీ చెప్పలేదనో అంటారు. అక్కడి నుంచి డాక్టరు దగ్గరికి ఒక్క అడుగే. సోమవారం నేనూ వస్తానని చెప్పండి.

రానంటే ఆ సోమవారం మీరొక్కరే వెళ్లండి. రోగి లేకపోయినా కుటుంబంతో మాట్లాడే డాక్టర్లు, కౌన్సెలర్లు ఉన్నారు. ఇంట్లో ఎలా మాట్లాడాలో, ఏది భరించాలో ఏది భరించకూడదో, ప్రమాదం వస్తే ఏం చేయాలో చెబుతారు. తిరిగొచ్చాక డాక్టరు అన్న మాటలు దాచకుండా అతనికి చెప్పండి. వచ్చే ఓపీ రోజు ఎప్పుడో కూడా చెప్పి, మళ్లీ అడగండి.